తాతయ్య బ్లాగుని ఎవరు హ్యాక్ చేస్తారు? 2004 నుంచి 2017 దాకా ఒక చిన్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ చరిత్రే, కానీ రాజులూ యుద్ధాలూ కాదు. మీకో బ్లాగో, సొంత వెబ్‌సైటో ఉంటే, లేదా మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, ఇది మీ చరిత్ర కూడా. ముందు మా ఇంటి కథ చెప్తాను. ఎందుకు చెప్తున్నానో చివర్లో అర్థమవుతుంది.

2019లో ఒక ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నాన్నగారి సైటు గూగుల్లో కొడితే చైనా భాషలో వస్తోందేంట్రా?" అన్నాడు. నాన్నగారంటే మా తాతయ్య. దివిసీమలో స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2016 ఎండాకాలం సెలవల్లో, నేను బీటెక్‌లో ఉండగా, ఆయన చెప్తుంటే నేను లేఖినిలో టైప్ చేసి ఒక సైటు పెట్టాను. ఊరి సంగతులు, చెరువు తవ్వకం, పాత బడి, 1977 నవంబర్ 19 ఉప్పెన. మొత్తం 26 పోస్టులు. కాగితం మీద ఏమీ లేదు, నేరుగా కంప్యూటర్లోకే. 2018లో తాతయ్య పోయారు.

బాబాయ్ ఫోన్ పెట్టేశాక సైటు ఓపెన్ చేశాను. అంతా మామూలుగానే ఉంది. గూగుల్లో పేరు కొట్టి చూస్తే మాత్రం, మా ఊరి పేరు కింద జపనీస్ అక్షరాల్లో హ్యాండ్‌బ్యాగుల అమ్మకాలు! అంటే మనిషి వెళ్తే ఒక పేజీ, గూగుల్ మెషీన్ వెళ్తే ఇంకో పేజీ చూపిస్తున్నాడన్నమాట వాడెవడో. ఓనర్‌కి ఎప్పటికీ తెలియకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన ఏంటో తెలుసా? "మా తాతయ్య సైటుతో ఎవడికి పని?" రోజుకి పది మంది కూడా చూడని సైటు. డబ్బు లేదు, క్రెడిట్ కార్డులు లేవు. మనమీద పగబట్టిన వాడెవడూ లేడు. ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను చదివిన చరిత్రే ఈ ఎపిసోడ్.

వెతికింది మనిషి కాదు

2004 డిసెంబర్‌కి వెళ్దాం. అప్పట్లో పీహెచ్‌పీబీబీ అని, చర్చావేదికలు నడుపుకోడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండేది. దాంట్లో ఒక లోపం బయటపడింది. తయారుచేసినవాళ్ళు నవంబర్‌లోనే 2.0.11 అనే కొత్త వెర్షన్ ఇచ్చి దాన్ని సరిచేశారు. కానీ చాలామంది అప్‌డేట్ చేసుకోలేదు. డిసెంబర్ మూడో వారంలో శాంటీ అనే వర్మ్ బయల్దేరింది. వర్మ్ అంటే మనిషి చెయ్యి పడకుండా తనంతట తనే ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకే ప్రోగ్రామ్.

శాంటీలో కొత్త సంగతేంటంటే, అది ఎవరి మీద పడాలో గూగుల్‌ని అడిగింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడే సైట్ల అడ్రసుల్లో ఒకే రకం పేజీ పేరు ఉంటుంది. దాన్ని సెర్చ్ చేస్తే లిస్టు చేతికొచ్చేస్తుంది. ఆ లిస్టు పట్టుకుని ఒక్కో తలుపూ తోసుకుంటూ పోయింది. దాదాపు 40,000 సైట్ల పేజీలు చెరిపేసి తన సందేశం రాసింది. చివరికి గూగుల్ ఆ సెర్చ్‌లని ఆపేస్తే గానీ దాని జోరు తగ్గలేదు.

ఇక్కడే నా ప్రశ్నకి సగం జవాబు దొరికింది. ఆ 40,000 మందిలో ఎవర్నీ ఎవరూ "ఎంచుకోలేదు". మీ తలుపుకి ఫలానా కంపెనీ తాళం ఉంది, ఆ తాళం తీసే ఉపాయం బయటపడింది, అంతే. మీరెవరు, ఇంట్లో ఏముంది అనేది దానికి అనవసరం. మీ సర్వర్ దానికి కావాలి, గూగుల్లో మీకున్న కాస్త మంచిపేరు కావాలి.

అందరికీ ఒకే తాళం

ఇప్పుడు ఆ తాళం కథ. 2003లో హ్యూస్టన్‌లో మాట్ ములెన్‌వెగ్ అనే 19 ఏళ్ళ కుర్రాడు బీ2 అనే బ్లాగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాడు. దాన్ని రాసిన మిషెల్ వాల్‌ద్రిగి కొన్నాళ్ళుగా కనిపించట్లేదు. "ఇది ఆగిపోయింది, కోడ్ ఓపెన్‌గా ఉంది కాబట్టి నేనే కొనసాగిస్తే?" అని తన బ్లాగులో రాశాడు. ఇంగ్లండ్ నుంచి మైక్ లిటిల్ అనే ఆయన "నేనూ వస్తా" అన్నాడు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి వెర్షన్ వచ్చింది. ఉచితం, అయిదు నిమిషాల్లో పెట్టుకోవచ్చు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ సైట్లు నడుస్తున్నది దీని మీదే. తాతయ్య సైటు కూడా.

లక్షల మంది ఒకే కోడ్ వాడటం వల్ల లాభముంది. లోపం దొరికితే ఒకచోట సరిచేస్తే అందరికీ బాగుపడుతుంది. నష్టమూ అక్కడే ఉంది. రిపేరు ఇచ్చిన రోజే ఏ చోట రిపేరు చేశారో లోకమంతా చూస్తుంది. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూసుకుంటే చాలు, కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి మీరు అప్‌డేట్ చేసుకునే రోజు దాకా ఉండే గ్యాపే అసలు ప్రమాదం. ఈ ఎపిసోడ్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే: గ్యాప్.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఒకటుంది, నిజాయితీగా చెప్పాలి. 2007లో వర్డ్‌ప్రెస్ సొంత డౌన్‌లోడ్ సర్వర్లలోకే ఎవడో దూరి, 2.1.1 వెర్షన్‌లో రెండు ఫైళ్ళు మార్చి దొడ్డిదారి పెట్టాడు. అంటే బుద్ధిగా ఆ కొద్ది రోజుల్లో డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళే చిక్కుకున్నారు. మార్చి 2న 2.1.2 ఇచ్చి, 2.1.1 మొత్తం ప్రమాదకరమని ప్రకటించారు. కాబట్టి అప్‌డేట్ అనేది దేవుడి వరం ఏమీ కాదు. కానీ ఇలాంటిది అరుదు. గ్యాప్‌లో పడి పోవడం రోజూ జరిగేది.

కనపడని అడ్మిన్

2009 సెప్టెంబర్. పాత వర్డ్‌ప్రెస్ వెర్షన్ల మీద ఒక వర్మ్ పడింది. దాని పద్ధతి చూడండి. ముందు మామూలు యూజర్‌లాగా రిజిస్టర్ అవుతుంది. అప్పటికే సరిచేసేసిన ఒక పాత లోపం వాడి తనని తానే అడ్మిన్‌గా ప్రమోట్ చేసుకుంటుంది. తర్వాత, మీరు యూజర్ల లిస్టు తెరిచినప్పుడు తన పేరు కనపడకుండా జావాస్క్రిప్ట్‌తో దాచేసుకుంటుంది. జాడలు తుడిచేసుకుని, మీ పాత పోస్టుల్లో స్పామ్ లింకులు జొప్పిస్తుంది. పాత పోస్టులే ఎందుకంటే, రెండేళ్ళ కింద రాసింది మనం మళ్ళీ తెరిచి చూడం కదా!

అప్పటికి తాజా వెర్షన్ 2.8.4. దానికీ, దాని ముందు వెర్షన్‌కీ ఈ వర్మ్ అంటదు. దెబ్బతిన్నదంతా ఇంకా పాతవాళ్ళే. వాళ్ళలో రాబర్ట్ స్కోబుల్ ఒకరు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి, టెక్ బ్లాగర్‌గా అమెరికాలో బాగా పేరున్న మనిషి. ఆయన సైటులో దూరినవాళ్ళు రెండు నెలల పోస్టులు చెరిపేశారు. బ్యాకప్ లేదని ఆయనే ఒప్పుకున్నాడు. రోజూ టెక్నాలజీ గురించి లోకానికి చెప్పే మనిషికే ఇలా జరిగిందంటే, తెలియకపోవడం అసలు సమస్య కాదని అర్థం. తెలిసినా చెయ్యకపోవడం సమస్య. ఆ మాట నాకు బాగా తగిలింది, ఎందుకో కాసేపట్లో చెప్తా.

వాచ్‌మన్ కథ

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కేసు 2011 ఆగస్టుది. మార్క్ మౌండర్ అనే ఇంజినీర్ తన సొంత బ్లాగు తెరిచి చూస్తే యాడ్స్ కనిపించాయి. ఆయన బ్లాగులో యాడ్సే పెట్టలేదు. తవ్వుకుంటూ పోతే టిమ్‌థంబ్ అనే చిన్న ఫైలు దొరికింది.

ఫొటోలని చిన్న సైజుకి మార్చడం టిమ్‌థంబ్ పని. వర్డ్‌ప్రెస్‌తో వచ్చేది కాదు, థీములు చేసేవాళ్ళు తమ థీముల్లో కలిపేసేవాళ్ళు. బయటి సైట్ల నుంచి కూడా ఫొటో తెచ్చుకోగలదు. ఎక్కడ నుంచి పడితే అక్కడ నుంచి తేకూడదని ఒక లిస్టు పెట్టారు: ఫ్లికర్, బ్లాగర్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ లాంటివి. ఆలోచన మంచిదే. కానీ చెక్ చేసిన తీరు చూడండి. అడ్రస్‌లో ఎక్కడైనా సరే "బ్లాగర్ డాట్ కామ్" అనే మాట ఉంటే ఓకే అనేసేది. దాంతో దొంగ ఏం చేశాడు? "బ్లాగర్ డాట్ కామ్ డాట్ దొంగసైటు డాట్ కామ్" లాంటి అడ్రస్ పెట్టుకున్నాడు.

మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి "ప్రెసిడెంట్ గారి పేరు చెప్పినవాళ్ళనే లోపలికి పంపు" అన్నామనుకోండి. ఒకడొచ్చి "నేను ప్రెసిడెంట్ గారింట్లో దొంగతనానికి వచ్చాను" అన్నాడు. పేరైతే చెప్పాడు కదా, వెళ్ళమన్నాడు. సరిగ్గా అదే జరిగింది. అలా తెచ్చుకున్న ఫైలుని టిమ్‌థంబ్ క్యాష్ ఫోల్డర్లో దాచేది. ఆ ఫోల్డర్ బయటికి తెరిచి ఉండేది. తెచ్చింది ఫొటో కాకుండా పీహెచ్‌పీ ప్రోగ్రామ్ అయితే, బ్రౌజర్లో ఆ ఫైలు అడ్రస్ కొడితే చాలు, అది మీ సర్వర్ మీద నడుస్తుంది. ఇల్లు మొత్తం వాడి చేతిలో.

మౌండర్ ఆగస్టు 1న ఈ విషయం బయటపెట్టి, ఊరికే ఉండకుండా కోడ్‌ని తిరగరాశాడు. టిమ్‌థంబ్‌ని చూసుకునే బెన్ గిల్‌బ్యాంక్స్‌తో కలిసి దాన్నే 2.0గా విడుదల చేశారు. తర్వాత ఏడాది ఆయనే వర్డ్‌ఫెన్స్ అనే సెక్యూరిటీ ప్లగిన్ తెచ్చాడు.

కానీ గ్యాప్ సంగతి చూడండి. ఇక్కడ వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ చేసుకున్నా లాభం లేదు. లోపం థీములో ఉంది. తన థీములో టిమ్‌థంబ్ ఉందని సగటు బ్లాగర్‌కి తెలియనే తెలియదు. 2014 డిసెంబర్‌లో ఇదే కథ మళ్ళీ జరిగింది. రెవొల్యూషన్ స్లైడర్ అనే ప్లగిన్‌లోని లోపం ద్వారా సోక్‌సోక్ అనే మాల్వేర్ వచ్చి, గూగుల్ ఒక్కసారిగా 11,000కి పైగా డొమైన్లని బ్లాక్‌లిస్టులో పెట్టేసింది. ఆ స్లైడర్ కూడా థీములతో కలిపి అమ్మిందే. తన దగ్గర ఉందని తెలియని వస్తువుకి తాళం ఎవడేస్తాడు?

మనిషి మీద నమ్మకం వదిలేసిన ఏడాది

2013 ఏప్రిల్లో ఇంకో రకం దాడి. లోపాలేమీ వెతకలేదు. 90,000కి పైగా ఐపీ అడ్రసుల నుంచి "అడ్మిన్" అనే యూజర్‌నేమ్‌తో పాస్‌వర్డులు వరసపెట్టి కొట్టి చూశారు. 2010 దాకా వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే "అడ్మిన్" అనే పేరే వచ్చేది. 3.0 నుంచి మనకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, కానీ అలవాటు కొద్దీ చాలామంది అదే ఉంచేశారు. ఒకే చోట నుంచి ఎక్కువసార్లు కొడితే ఆపేద్దామంటే కుదరదు, 90,000 చోట్ల నుంచి తలా ఒకటి కొడుతున్నారు. పేరు మార్చుకోండి, పాస్‌వర్డ్ గట్టిది పెట్టుకోండి అని ములెన్‌వెగ్ అప్పుడు అందరికీ చెప్పాడు.

అదే ఏడాది అక్టోబర్ 24న వచ్చిన 3.7 నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక ఓనర్‌ని అడగవు. రాత్రి మీరు పడుకున్నప్పుడు వాటంతటవే పడిపోతాయి. అప్పుడు చాలామంది డెవలపర్లు గొడవ చేశారు. "నా సైటుని నన్నడగకుండా ముట్టుకోవడమేంటి? ఏదైనా పాడైతే?" అని. ఆ భయం తప్పు కాదు, 2007లో అప్‌డేట్‌లోనే విషం కలిపిన సంగతి చూశాం కదా. అయినా పదేళ్ళ అనుభవం చెప్పింది ఇది: గ్యాప్‌ని మనిషి చేతికి వదిలేస్తే అది మూతపడదు.

పరీక్ష జరిగిన వారం

ఆ నిర్ణయానికి పరీక్ష 2017లో వచ్చింది. జనవరి 20న సుకురి అనే సెక్యూరిటీ కంపెనీలో పనిచేసే మార్క్-అలెగ్జాండర్ మోంట్‌పాస్ వర్డ్‌ప్రెస్ 4.7, 4.7.1 లో ఒక ఘోరమైన లోపం కనిపెట్టాడు. లాగిన్ కూడా అవసరం లేకుండా ఎవరి పోస్టునైనా మార్చేయొచ్చు.

ఎలాగో సింపుల్‌గా చెప్తా. మీరు 123వ నంబర్ పోస్టు మార్చాలని అడిగారు. కానీ నంబర్ దగ్గర "123ఏబీసీ" అని రాశారు. గేటు దగ్గరున్నవాడు ఆ పేరుతో పోస్టు ఉందా అని చూశాడు. లేదు. "లేని పోస్టుకి పర్మిషన్ అడిగేదేముంది, పో" అని వదిలేశాడు. లోపలున్న గుమాస్తా మాత్రం అంకెలే చదువుతాడు, అక్షరాలు వదిలేస్తాడు. 123 అనుకుని మార్చేశాడు. ఇద్దరూ తమ తమ రూల్సు పాటించారు. ఇద్దరి మధ్యలోంచి దొంగ వెళ్ళిపోయాడు.

జనవరి 26న 4.7.2 విడుదల చేశారు. కానీ ఈ లోపం గురించి మాట కూడా ఎత్తలేదు. హోస్టింగ్ కంపెనీలకీ ఫైర్‌వాల్ కంపెనీలకీ మాత్రం లోపల్లోపల చెప్పి, ఆటోమేటిక్ అప్‌డేట్లు పడేదాకా ఆగి, ఫిబ్రవరి 1న బయటపెట్టారు. ఆ ఆరు రోజుల మౌనంలో లక్షల సైట్లు ఓనర్లకి తెలియకుండానే బాగుపడిపోయాయి.

మరి దెబ్బతిన్నదెవరు? ఆటో అప్‌డేట్ ఆపేసుకున్నవాళ్ళు, ఆపేసిన సర్వర్ల మీదున్నవాళ్ళు. కొద్ది రోజుల్లోనే 15 లక్షలకి పైగా పేజీలు చెడగొట్టారు. ఒక గుంపు రాసినదాన్ని ఇంకో గుంపు చెరిపి తన పేరు రాసుకుంది. గోడ మీద సినిమా పోస్టర్ల మీద పోస్టర్లు అంటించినట్టు. అదే లోపం, అదే రిపేరు, అదే రోజు. తేడా అల్లా గ్యాప్ ఒక్కటే.

నా తప్పు

ఇప్పుడు మా సైటు సంగతి. నాకు జరిగింది పైవాటిలో ఏదీ కాదు. నేనే తలుపు తీశాను. 2016లో స్టూడెంట్‌ని కదా, డబ్బులు పెట్టి కొనాల్సిన ఒక మంచి థీముని "నల్డ్ థీమ్" అని ఫ్రీగా ఇచ్చే సైటు నుంచి దింపుకున్నాను. అంటే పైరసీ కాపీ. 2014 నవంబర్‌లోనే ఫాక్స్-ఐటీ అనే డచ్ కంపెనీ ఇలాంటి పైరసీ థీములూ ప్లగిన్ల గుట్టు బయటపెట్టింది. క్రిప్టోపీహెచ్‌పీ అని పేరు పెట్టారు. చూడటానికి సోషల్ డాట్ పీఎన్‌జీ అనే ఫొటో, లోపల మాత్రం ప్రోగ్రామ్. నేను దాని గురించి చదివింది అంతా అయిపోయాక. పైరసీ థీముకి అప్‌డేట్లు కూడా రావు. అంటే నా గ్యాప్‌కి చివరే లేదు.

బాబాయ్ ఫోన్ చేసిన రోజు నేను "ఈ వీకెండ్ చూస్తా బాబాయ్" అన్నాను. కొత్త ఉద్యోగం, గచ్చిబౌలి, రిలీజులు. ఆ వీకెండ్ రాలేదు. ఈలోగా హోస్టింగ్ వాళ్ళు మాల్వేర్ ఉందని అకౌంట్ సస్పెండ్ చేసి, గడువిచ్చి మెయిల్స్ పంపారు. అవి నా కాలేజీ మెయిల్‌కి వెళ్ళాయి. కాలేజీ అయిపోయాక ఆ మెయిల్ తెరిచిందెవరు? గడువు దాటింది, అకౌంట్ డిలీట్ అయింది. నేను తీసుకున్న బ్యాకప్ ఎక్కడుందంటే, అదే అకౌంట్లో. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టినట్టు.

పాత వెబ్ పేజీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే 26లో 17 దొరికాయి. ఉప్పెన గురించి తాతయ్య మూడు భాగాలుగా చెప్పారు. మొదటిది గాలి మొదలైన సాయంత్రం. మూడోది నీళ్ళు తీశాక బడి తెరిచిన రోజు. ఆ రాత్రి గురించి చెప్పిన రెండోది దొరకలేదు. టైప్ చేసింది నేనే అయినా, ఆయన మాటల్లో నాకిప్పుడు గుర్తున్నది చాలా తక్కువ.

మరి ఏం చెయ్యాలి

పెద్ద లిస్టు ఇవ్వను. ఈ చరిత్ర చెప్పినవే చెప్తాను. ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచండి. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 నుంచి థీములకీ ప్లగిన్లకీ కూడా అది ఉంది, మీరే ఆన్ చెయ్యాలి. వాడని థీములూ ప్లగిన్లూ ఆపడం కాదు, తీసెయ్యండి. పైరసీవి అసలే వద్దు. పాస్‌వర్డ్ పొడుగ్గా, ఇంకెక్కడా వాడనిది పెట్టండి, ఓటీపీ లాంటి రెండో తాళం కూడా పెట్టండి. మీ సైటుకి ఇచ్చిన మెయిల్ మీరు రోజూ చూసేదేనా, ఇప్పుడే చెక్ చేసుకోండి. నెలకోసారి మీ సైటు పేరు గూగుల్లో కొట్టి, బయటివాళ్ళకి ఎలా కనిపిస్తుందో చూసుకోండి. ఇవన్నీ చేసినా ఏదో ఒక రోజు తలుపు విరగొచ్చు. అందుకే బ్యాకప్ సైటు ఉన్న చోట కాకుండా ఇంకోచోట, ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లో అయినా సరే, ఉండాలి.

మా సైటు ఇప్పుడు మళ్ళీ ఉంది, 17 పోస్టులతో. రెండో భాగం ఉండాల్సిన చోట "దొరకలేదు" అని రాసి ఖాళీగా ఉంచాను. ఆ రాత్రి సంగతులు తెలిసినవాళ్ళు దివిసీమలో ఇంకా ఉన్నారు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు తాతయ్య దగ్గర చదువుకున్న ఒక పెద్దాయన చెప్తానన్నారు. ఈసారి ముందు రికార్డు చేస్తాను, మూడు చోట్ల దాచాకే సైటులో పెడతాను.

ఈ ఎపిసోడ్ చూడటం అయిపోయాక ఒక్క పని చెయ్యండి. మీ సైటు బ్యాకప్ ఎక్కడుందో వెతకండి. వీకెండ్‌కి వాయిదా వెయ్యొద్దు.